మరిచింది దారి ఒక్కటే

మెదడులో ఒక భాగం దెబ్బతింటే జంతువు ఏం నేర్చుకోలేదు? ఏం మాత్రం హాయిగా నేర్చేసుకుంటుంది? ఎలుకలు, కోతులు, పక్షులు, ఆఖరికి ఆక్టోపస్ కూడా చెప్పిన జవాబులివి.

గుండ్రటి తొట్టి. అడ్డంగా కొలిస్తే మీటరుంబావు పైచిలుకు. నిండా గోరువెచ్చటి నీళ్లు, అందులో కాసిని పాలు కలిపారు కాబట్టి అడుగు కనిపించదు. నీటి మట్టానికి కాస్త కిందుగా, ఒకే ఒక్కచోట, చిన్న దిమ్మె ఉంది. ఎలుకను అంచున వదులుతారు. ఎలుకకు ఈత బాగా వచ్చు గానీ నీళ్లలో ఉండటం ఇష్టం ఉండదు. కాలు మోపే చోటు కోసం వెతుకుతుంది. మొదటిసారి ఆ దిమ్మె కాలికి తగిలితే అది అదృష్టమే. కొన్నాళ్లు వదిలాక మాత్రం వెతకడమంటూ ఉండదు. ఏ పక్కనుంచి వదిలినా తిన్నగా దిమ్మె దగ్గరికే పోతుంది. దిమ్మె కంటికి కనబడదు, వాసనా రాదు. గదిలో కనిపించే వస్తువులు ఎటుపక్క ఎంత దూరంలో ఉన్నాయో చూసుకుని లెక్క కట్టుకుంటుంది.

రిచర్డ్ మోరిస్ స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో ఉండగా కనిపెట్టిన పరీక్ష ఇది. 1981లో దాని గురించి రాశాడు. మరుసటి ఏడాది ‘నేచర్’ పత్రికలో సహచరులతో కలిసి ప్రచురించిన వ్యాసంతో ప్రపంచమంతటికీ తెలిసింది. ఆ ప్రయోగంలో కొన్ని ఎలుకలకు మెదడు లోపలి మడతల్లో ఉండే హిప్పోక్యాంపస్‌ను తీసేశారు. కొన్నింటికి మెదడు పైపొరలో మాత్రమే కొంత తీశారు. మిగిలినవాటి జోలికి పోలేదు.

హిప్పోక్యాంపస్ లేని ఎలుకలు ఈదడమైతే బాగానే ఈదాయి. దిమ్మె ఉన్న చోటే వాటికి పట్టుబడలేదు. తొట్టిలోంచి దిమ్మె తీసేసి వదిలితే తేడా ఇంకా స్పష్టంగా బయటపడింది. మామూలు ఎలుక ‘ఇక్కడే కదా ఉండాలి’ అన్నట్టు ఆ చోటే మళ్లీ మళ్లీ తిరిగింది. హిప్పోక్యాంపస్ పోయిన ఎలుక తొట్టంతా కలియతిరిగింది. ఏ పక్కైనా దానికి ఒకటే.

ఇంతవరకే ఐతే ఇదొక మతిమరుపు ఎలుక కథ అయ్యేది. మోరిస్ బృందం ఇంకో పని చేసింది. దిమ్మెను నీటిపైకి కనబడేలా పెట్టింది. అవే ఎలుకలు నేరుగా ఈదుకుంటూ వెళ్లి ఎక్కేశాయి! అంటే చూపు ఉంది, ఈత ఉంది, బయటపడాలన్న ఆత్రం ఉంది, దిమ్మె ఎక్కితే గండం గడుస్తుందన్న పాఠమూ వంటబట్టింది. పోయిందల్లా, కనబడని చోటును చుట్టూ ఉన్నవాటిని బట్టి గుర్తుపెట్టుకునే నేర్పు.

జ్ఞాపకంతో సంబంధం ఉన్న మెదడు భాగాలు దెబ్బతింటే జంతువు ఏమవుతుందంటే, ‘మరిచిపోతుంది’ అనేది బద్ధకపు జవాబు. ఏది మరుస్తుంది? ఎప్పటి సంగతి మరుస్తుంది? ఏది మాత్రం చెక్కుచెదరదు? ఈ ప్రశ్నల్ని జంతువును సరిగ్గా అడగడం నేర్చుకోవడానికే శాస్త్రానికి అర్ధ శతాబ్దం పట్టింది.

ఎక్కడ కాదు, ఎంత?

జ్ఞాపకం మెదడులో ఎక్కడుంటుందన్న వెతుకులాటను పట్టువదలని విక్రమార్కుడిలా సాగించినవాడు అమెరికన్ శాస్త్రవేత్త కార్ల్ లాష్లీ. నేర్చుకున్న విషయం మెదడు పైపొరలో ఎక్కడో ఒకచోట ముద్రపడి ఉంటుందని, ఆ చోటు తెగితే అది పోతుందని ఆయన లెక్క. ఎలుకకు చిక్కుదారుల పెట్టెలో దారి నేర్పడం, ఒక్కో ఎలుకకు పైపొరలో ఒక్కోచోట కోయడం, మళ్లీ పెట్టెలో వదిలి తప్పులు లెక్కపెట్టడం... దాదాపు మూడు దశాబ్దాలు ఇదే పని. తేలిందేమిటంటే, ఎక్కడ కోశామన్నది కాదు, ఎంత కోశామన్నదే ముఖ్యం. ఎక్కువ పోతే ఎక్కువ తప్పులు. ఏ ఒక్కచోటా ‘ఇదిగో జ్ఞాపకం’ అని దొరకలేదు. ఈ సాక్ష్యాలన్నీ చూస్తుంటే అసలు నేర్చుకోవడమే అసాధ్యమనాలేమోనని 1950లో రాసిన వ్యాసంలో ఆయన తనమీద తానే చమత్కరించుకున్నాడు.

లోపం కత్తిలో లేదు, పెట్టెలో ఉంది. ఆ దారుల్లో పోవడానికి ఎలుక కళ్లను, ముక్కును, మీసాలను, ఒంటి కదలికను కలిపి వాడుకుంటుంది. ఒకటి పోతే మరొకటి ఆదుకుంటుంది. అన్నీ కలిసి చేసే పనిని పరీక్షగా పెట్టి, దానికి ఒక్క చిరునామా వెతకడం వల్ల వచ్చిన చిక్కది.

ఆ తర్వాత మూడేళ్లకే కథ మలుపు తిరిగింది, అదీ జంతువు వల్ల కాదు. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో విలియం స్కోవిల్ అనే సర్జన్, మూర్ఛతో సతమతమవుతున్న 27 ఏళ్ల హెన్రీ మొలైసన్‌కు మెదడు రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగాన్ని, దాని చుట్టుపక్కల భాగాల్ని తీసేశాడు. మూర్ఛ తగ్గుముఖం పట్టింది. దాంతోపాటు కొత్త సంగతి ఏదైనా మనసులో నిలవడమూ ఆగిపోయింది. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయన్ని పరీక్షించి, 1957లో స్కోవిల్‌తో కలిసి ఆ సంగతి వెల్లడించింది. 2008లో చనిపోయేదాకా పరిశోధన పత్రాల్లో ఆయన పేరు ‘హెచ్.ఎం.’ మాత్రమే.

ఇంకేముంది, ల్యాబులన్నీ కోతుల మీద, ఎలుకల మీద పడ్డాయి. అదే భాగం తీసేస్తే అవీ అలాగే మరిచిపోవాలి కదా! మరవలేదు. రెండు వస్తువుల్లో ఏదాని కింద తిండి పెడతారో రోజూ చూపిస్తే, హిప్పోక్యాంపస్ లేని కోతి కూడా చక్కగా నేర్చుకుంది. ఎలుకలు మీట నొక్కడం నేర్చాయి. ఆ భాగం మనిషిలో ఒక పని, జంతువులో ఇంకో పని చేస్తుందేమోనని అనుమానపడ్డవాళ్లూ ఉన్నారు.

విచిత్రమేమంటే, జవాబు హెచ్.ఎం. దగ్గరే ఉంది. కాగితం మీది నక్షత్రం బొమ్మను అద్దంలో మాత్రమే చూస్తూ దాని గీతల మధ్య పెన్సిల్ నడపమని మిల్నర్ ఆయనకు పని పెట్టింది. ఎవరికైనా మొదట్లో చెయ్యి ఎటో పోతుంది. మూడు రోజుల్లో ఆయన చెయ్యి తిరిగింది. ఆ పని ఇంతకుముందు చేసినట్టు మాత్రం ఆయనకు గుర్తే లేదు. చేతికి వచ్చింది, మనసుకు తెలియలేదు. కోతులకు పెట్టిన పరీక్షలన్నీ రోజుల తరబడి సాధనతో వంటబట్టే రకం. ‘ఇందాక ఏం చూశావు?’ అని వాటిని ఎవరూ అడగలేదు.

కోతికి కొత్తదంటే ఇష్టం

అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో మోర్టిమర్ మిష్కిన్ 1978లో ఆ మాట అడిగాడు. కోతికి ఒక వస్తువు చూపిస్తారు. కాసేపయ్యాక దాన్నీ, ఇంకో కొత్త వస్తువునూ పక్కపక్కన పెడతారు. కొత్తదాన్ని జరిపితే దాని కింద తిండి. ప్రతిసారీ వస్తువులు మారిపోతాయి కాబట్టి సాధన పనికిరాదు, గుర్తుండి తీరాలి. కోతికి సహజంగానే కొత్త వస్తువు మీద మోజెక్కువ, అందుకే ఈ పరీక్ష దానికి బాగా నప్పింది. హిప్పోక్యాంపస్‌నూ, దాని ముందుండే బాదంగింజంత అమిగ్డాలానూ కలిపి తీసేసిన కోతులు ఇందులో దారుణంగా తప్పాయి. కాస్త ఆలస్యమైతే చాలు, ఏది చూశాయో తెలిసేది కాదు.

హెచ్.ఎం. మతిమరుపు జంతువులో దొరికిందని అందరూ సంబరపడ్డారు. కానీ అంత లోతుకు కత్తి పోవాలంటే, దారిలో అడ్డొచ్చే పక్కనున్న పైపొర కూడా తెగుతుంది. ఆ అడ్డొచ్చిన పొరే అసలు సంగతేమో? శాన్‌డియాగోలో ల్యారీ స్క్వైర్, స్టూవర్ట్ జోలా-మోర్గన్ బృందం 1980ల చివర్లో ఆ పొరను కాపాడుతూ అమిగ్డాలాను ఒక్కదాన్నే తీసి చూస్తే, ఆ పరీక్షలో కోతికి నష్టమే కనబడలేదు. పొరను ఒక్కదాన్ని తీసినప్పుడు మాత్రం భారీ నష్టం. 1998లో ఎలిజబెత్ మర్రేతో కలిసి మిష్కినే, పక్కన దేన్నీ తాకకుండా నాడీకణాలను మాత్రమే చంపే మందుతో హిప్పోక్యాంపస్‌ను, అమిగ్డాలాను దెబ్బతీసి చూశాడు. వస్తువుల్ని గుర్తుపట్టడంలో కోతులకు ఇబ్బంది రాలేదు. ఇరవై ఏళ్ల కిందట తనకు పేరు తెచ్చిన నిర్ణయాన్ని తన చేతులతోనే దిద్దుకోవడం సామాన్యమైన పని కాదు. మెదడు శాస్త్రంలో మెచ్చుకోదగ్గ ఘట్టాల్లో ఇదొకటి.

రెండు చదువులు, ఒక ఎలుక

ఈలోగా లండన్‌లో జాన్ ఓకీఫ్, 1971లో జొనాథన్ దోస్త్రోవ్‌స్కీతో కలిసి, తిరుగాడే ఎలుక హిప్పోక్యాంపస్‌లో సన్నటి తీగలు పెట్టి వింటున్నాడు. ఒక్కో కణం, ఎలుక గదిలో ఒకానొక చోటికి వచ్చినప్పుడే మోగుతోంది. ఈ ‘స్థల కణాల’ పరిశోధనకే 2014లో ఆయనకు, గ్రిడ్ కణాల్ని కనుగొన్న నార్వే శాస్త్రవేత్తలు మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్‌లకు కలిపి నోబెల్ వచ్చింది. మోరిస్ తొట్టిలో ఎలుకలు పోగొట్టుకున్నది ఈ కణాలన్నీ కలిసి గీసే చోటు పటాన్నే.

అయితే పటం ఒక్కటే చదువు కాదు. మార్క్ ప్యాకర్డ్, జేమ్స్ మెక్‌గా 1996లో చేసిన ప్రయోగం ఆ సంగతిని ఎంత అందంగా తేల్చిందో చూడండి. కూడలిలా నాలుగు దారులున్న పలక. ఎలుక రోజూ ఒకవైపు నుంచి బయల్దేరి, ఒక పక్కకు తిరిగితే తిండి. ఎలుక ఏం నేర్చుకున్నట్టు? ‘తిండి ఫలానా చోట ఉంది’ అనా, ‘ఈ పక్కకు తిరగాలి’ అనా? ఎదురు దిక్కు నుంచి వదిలితే తేలిపోతుంది. ఎనిమిదో రోజున వదిలితే చాలా ఎలుకలు తిండి ఉండే చోటికే పోయాయి. పదహారో రోజున వదిలితే అలవాటైన పక్కకే తిరిగాయి, తిండి అక్కడ లేకపోయినా.

ఇప్పుడు మత్తుమందు. ఎనిమిదో రోజున హిప్పోక్యాంపస్‌కు కాసేపు మత్తిస్తే ఎలుకకు చోటు తెలియలేదు. పదహారో రోజున అలవాట్లను చూసుకునే కాడేట్ అనే భాగానికి మత్తిస్తే, ఎలుక అలవాటు వదిలేసి తిండి ఉండే చోటికి పోయింది! చోటు జ్ఞాపకం చెరిగిపోలేదు, అలవాటు వెనక దాక్కుందంతే. ఎలుక చోటును నేర్చుకుంటుందా, కదలికను నేర్చుకుంటుందా అని మనస్తత్వ శాస్త్రవేత్తలు 1940ల్లో జుట్లు పట్టుకున్నంత పని చేశారు. రెండూ నేర్చుకుంటుంది, రెండు వేర్వేరు చోట్ల.

భయం చదువు మరోచోట. ఒక పెట్టెలో శబ్దం వినిపించి, వెంటనే కాళ్ల కింద చిన్న కరెంటు షాకిస్తే ఎలుక రెండు పాఠాలు నేర్చుకుంటుంది: ఈ శబ్దం ప్రమాదం, ఈ పెట్టె ప్రమాదం. అమిగ్డాలా పోతే రెండు భయాలూ పోతాయని, హిప్పోక్యాంపస్ పోతే పెట్టె భయం మాత్రమే పోతుందని 1992లో ఫిలిప్స్, జోసెఫ్ లెడూ చూపించారు. అదే ఏడాది కిమ్, ఫాన్‌సెలో దానికి కాలాన్ని జోడించారు. షాకిచ్చిన మర్నాడే హిప్పోక్యాంపస్‌ను దెబ్బతీస్తే పెట్టె భయం తుడిచిపెట్టుకుపోయింది. 28 రోజులు ఆగి దెబ్బతీస్తే చాలావరకు మిగిలింది. కొత్త జ్ఞాపకం హిప్పోక్యాంపస్ చేతిలో ఉండి, నెమ్మదిగా పైపొరకు బదిలీ అవుతుందన్న వాదానికి ఇది గట్టి ఆధారమైంది.

అన్నింటికన్నా ఆశ్చర్యం కుందేళ్లది. శబ్దం మోగుతుండగా కంటి మీదికి గాలి ఊదితే, కొన్నాళ్లకు కుందేలు శబ్దానికే కన్ను మూస్తుంది. ఈ పాఠానికి చిన్నమెదడులో పిసరంత చోటు చాలు. రిచర్డ్ థాంప్సన్ బృందం ఆ పిసరును దెబ్బతీస్తే నేర్చుకున్న రెప్పపాటు పోయింది, గాలి తగిలితే కన్ను మూయడం మాత్రం అలాగే ఉంది. హిప్పోక్యాంపస్‌తో దీనికి పనే లేదు. కానీ శబ్దం ఆగిన అర సెకను తర్వాత గాలి ఊదితే? అప్పుడు హిప్పోక్యాంపస్ లేని కుందేలు నేర్చుకోలేకపోయింది. ఆగిపోయిన శబ్దాన్ని ఆ అర సెకను పాటు పట్టుకుని ఉండటానికి ఇంకో భాగం సాయం కావాల్సివచ్చింది.

దాచుకున్న గింజ, తినకూడని పీత

ఉత్తర అమెరికాలో చికడీ అనే చిన్న పిట్ట ఉంది. గింజల్ని చెట్ల బెరళ్ల సందుల్లో వేర్వేరు చోట్ల దాచి, తర్వాత ఏరుకు తింటుంది. డేవిడ్ షెర్రీ, వకరీనో 1989లో వీటి హిప్పోక్యాంపస్‌ను తీసి చూశారు. పిట్టలు మునుపటిలాగే గింజలు దాచాయి. ఎక్కడ దాచాయో వెతకడం మాత్రం గుడ్డెద్దు చేలో పడ్డట్టే. గింజ ఉన్నచోటుకు రంగు గుర్తు పెడితే ఆ గుర్తును పట్టగలిగాయి. మోరిస్ తొట్టిలో దిమ్మె కనబడినప్పటి ఎలుకల వరసే.

ఆక్టోపస్‌కు హిప్పోక్యాంపస్ లేదు, వెన్నెముకా లేదు. ఇటలీలో నేపుల్స్ సముద్రతీర పరిశోధన కేంద్రంలో బ్రయన్ బాయ్‌కాట్, జె.జెడ్.యంగ్ 1950ల్లో దానికి ఒక పాఠం పెట్టారు. పీత ఒంటరిగా వస్తే తినొచ్చు. పీత పక్కన తెల్ల పలక ఉంటే షాక్ తగులుతుంది. ఆక్టోపస్ త్వరగానే తెలివి తెచ్చుకుంది. మెదడు పైభాగంలోని ‘వర్టికల్ లోబ్’ను తీసేశాక పలక ఉన్నా పీత మీదికి దూకడం మొదలుపెట్టింది. మాటిమాటికీ, కొద్ది నిమిషాల తేడాతో చూపిస్తే ఆగేది. గంటలు గడిస్తే మళ్లీ మొదటికే.

ఈగలకూ ఈ సంగతి వర్తిస్తుంది. క్వాంటం భౌతికశాస్త్రానికి పునాదులు వేసిన వెర్నర్ హైసెన్‌బర్గ్ కొడుకు మార్టిన్ హైసెన్‌బర్గ్ పండ్ల మీద వాలే ఈగల మెదళ్ల మీద పనిచేశాడు. 1994లో ఆయనా, డి బెల్ కలిసి అప్పుడే గుడ్డులోంచి బయటికొచ్చిన లార్వాలకు ఒక రసాయనం తినిపించి, పుట్టగొడుగు ఆకారంలో ఉండే మెదడు భాగాలు ఎదగకుండా చేశారు. అలా పెరిగిన ఈగలకు వాసన తెలుసు, షాకూ తెలుసు. ఆ వాసన వస్తే షాక్ తగులుతుందన్న ముడి మాత్రం పడలేదు. కంటితో చూసి నేర్చుకునే పాఠాలు మాత్రం ఆ భాగాలు లేకుండానే వస్తాయని తర్వాత తేలింది.

కోత చెప్పేది ఎంత?

ఇంట్లో ఫ్యూజు పీకితే దీపం ఆరిపోతుంది. అంతమాత్రాన వెలుగు ఫ్యూజులో ఉందని ఎవరూ అనరు. ఒక భాగం తీసేస్తే కనిపించేది ఆ భాగం చేసే పని కాదు, అది లేకుండా మిగిలిన మెదడు చేయగలిగిన పని. పైగా మెదడు చేతులు ముడుచుకుని కూర్చోదు.

2011లో స్టాన్‌ఫర్డ్‌లో ఇన్బల్ గోషెన్, కార్ల్ డైసెరోత్ బృందం కత్తికి బదులు కాంతిని వాడింది. వెలుగు పడితే ఆగిపోయేలా మార్చిన కణాలున్న చిట్టెలుకల్లో, వారాల కిందటి భయాన్ని గుర్తుచేసుకునే క్షణంలో హిప్పోక్యాంపస్‌ను కాసేపు ఆపారు. పాత జ్ఞాపకం కూడా ఆగిపోయింది! 28 రోజులకు బదిలీ పూర్తవుతుందన్న లెక్క ప్రకారం ఇలా జరగకూడదు. పరీక్షకు అరగంట ముందునుంచీ వెలుగు వేసి ఉంచితే మాత్రం జ్ఞాపకం మళ్లీ పలికింది. ఆ వ్యవధిలో మెదడు ఇంకో దారి చూసుకుంది. మరి గాయం చేసి, మానడానికి రోజులిచ్చి, ఆ తర్వాత పెట్టిన పరీక్షలు ఏం కొలిచినట్టు? పాత ప్రయోగాలు తప్పని కాదు గానీ, వాటిని ఇదివరకంత ధీమాగా చదవడం కుదరదు.

నేర్చుకోవడం వేరు, వచ్చిన పని చేయడం వేరు అన్నదీ ఇలాంటి మెలికే. హార్వర్డ్‌లో బెన్స్ ఓల్వెట్స్కీ ల్యాబులో ఎలుకలు మీటను సరిగ్గా 700 మిల్లీసెకన్ల తేడాతో రెండుసార్లు నొక్కడం నేర్చాయి. పని వచ్చాక కదలికల్ని నడిపించే పైపొరను తీసేస్తే, కోలుకున్నాక అదే లయలో నొక్కాయి. నేర్పకముందే తీసేసిన ఎలుకలకు మాత్రం ఆ లయ పట్టుబడలేదు. 2015లో వచ్చిందీ ఫలితం. జీబ్రా ఫించ్ పక్షుల్లో ఇలాంటిది 1984లోనే చూశారు: పాట నేర్చుకుంటున్న కుర్ర మగపిట్టకు మెదడు ముందుభాగంలోని ఒక కేంద్రాన్ని దెబ్బతీస్తే పాట కుదరదు, పాట వచ్చేసిన పెద్ద పిట్టకు అదే కేంద్రం పోయినా పాట చెడదు.

ఈ ప్రయోగాలు చదువుతుంటే మనసు చివుక్కుమనే మాట నిజం. కుందేలు, కోతి అడిగి ఒప్పుకున్నవి కావు. మన దేశంలో రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో బిల్లు పెట్టి పట్టుబట్టాక, 1960లో జంతుహింస నిరోధక చట్టం వచ్చింది. జంతువుల మీద ప్రయోగాల్ని అదుపుచేసే కమిటీకి ఆధారం ఆ చట్టమే. కోతకు బదులు మత్తు, మత్తుకు బదులు కాంతి వచ్చాక ప్రయోగం కచ్చితత్వం పెరిగింది. జంతువు బాధ ఎంత తగ్గిందన్నది మాత్రం ప్రతి ల్యాబూ విడిగా జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న.

కత్తీ కాంతీ లేకుండా కూడా ఈ భాగాలు దెబ్బతింటాయని చూపించింది మన పొరుగున ఉన్న బెంగళూరు. అక్కడి జాతీయ జీవశాస్త్రాల కేంద్రంలో సుమంత్ర ఛటర్జీ బృందం ఎలుకల్ని రోజుకు రెండేసి గంటల చొప్పున పదిరోజులు కదలకుండా బంధించి ఉంచింది. 2002లో వచ్చిన వ్యాసం ప్రకారం, హిప్పోక్యాంపస్ కణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. అమిగ్డాలాలో మాత్రం కొమ్మలు ఇంకా విస్తరించాయి. ఆ బృందమే తర్వాత చేసిన ఇంకో పరిశోధనలో, బంధించడం ఆపి 21 రోజులు ఎలుకల్ని ప్రశాంతంగా వదిలేస్తే హిప్పోక్యాంపస్ తేరుకుంది. అమిగ్డాలాలో పెరిగిన కొమ్మలు తగ్గలేదు, ఎలుకల ఆందోళనా తగ్గలేదు. ఒకే ఒత్తిడి ఒకచోట కోతగా, ఇంకోచోట ఎరువుగా ఎందుకు పనిచేస్తుందన్నది ఆ తర్వాత ఆ బృందం వెంటపడుతూ వచ్చిన ప్రశ్న.